ఏనుగుపల్లేరుకు ఏనుగుతో ఏం పని?

సందేహం: మా బడి పిల్లలతో కలిసి చుట్టుపక్కల దొరికే మొక్కల మీద చిన్న పుస్తకం తయారు చేస్తున్నాను. పేర్ల దగ్గరే చిక్కొచ్చింది. నేలవేము అంటే వేపలో ఒక రకమా? నేల ఉసిరి ఉసిరికి చెల్లెలా? కుక్కతులసి, పిల్లిపెసర, ఏనుగుపల్లేరు... ఈ జంతువులన్నీ మొక్కల పేర్లలోకి ఎందుకొచ్చాయి? వీటిని కలిపి రాయాలా, విడదీసి రాయాలా? ఒక ఇంగ్లీషు పుస్తకంలో ‘వైల్డ్ ఆనియన్’ అని ఉన్నచోట ‘అడవిఉల్లి’ అని రాశాను. చూసిన ఒక పెద్దాయన ‘అమ్మో, అది మార్చండి’ అన్నారు, ఎందుకో చెప్పలేదు. అడవిలో పెరిగేదానికి ముందు అడవి అని చేరిస్తే తప్పేంటి? పిచ్చిమొక్క, కలుపుమొక్క, అడవిమొక్క మూడూ ఒకటేనా?

సమాధానం: ఆ పెద్దాయన మాట విని ముందు అది మార్చేయండి. ‘అడవిఉల్లి’ మీరు కొత్తగా కూర్చిన మాట అనుకుంటున్నారు గానీ, ఆ పేరుతో మనకు ఎప్పటినుంచో ఒక మొక్క ఉంది. నక్కఉల్లి, నక్కవల్లిగడ్డ అన్నా అదే. ఇసుక నేలల్లో, రాళ్ల గుట్టల మీద పెరుగుతుంది. తవ్వితే పొరలు పొరలుగా తెల్లటి గడ్డ, చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డే. ఎండాకాలంలో ఆకు ఒక్కటీ లేకుండా నేలలోంచి నిటారుగా ఒక కాడ లేచి పూస్తుంది, ఆకులు ఆ తర్వాత వస్తాయి. పాత వైద్యంలో ఈ గడ్డను వేడిచేసి అరికాలి ఆనెలకు కట్టేవారు. లోపలికి తీసుకోవడం మాత్రం వేరే సంగతి. గుండె కొట్టుకునే తీరును మార్చేసే విషపదార్థాలు ఇందులో ఉన్నాయి. దీని దగ్గరి బంధువు మధ్యధరా సముద్ర తీరాల్లో పెరుగుతుంది, దాన్ని ఎలుకల మందుగా వాడారు.

మీ ఇంగ్లీషు పుస్తకంలోది ఉల్లి జాతి మొక్కే అయ్యుంటుంది, తినదగిందీ అయ్యుంటుంది. దాన్ని అడవిఉల్లి అని రాసి, కింద ‘దీన్ని తింటారు’ అని రాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘సాగులో లేని ఉల్లి జాతి’ అనండి, లేదా ‘వన్య ఉల్లి జాతి’ అనండి. కొంచెం పొడుగైనా ఏ మొక్క పేరుతోనూ ఢీకొట్టదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇలాంటి పేర్లలో రెండు ముక్కలుంటాయి. రెండో ముక్క ఒక పోలిక: రుచో, ఆకో, కాయో, గడ్డో ఏదో ఒకటి ఫలానాదానిలా ఉంది అని చెబుతుంది. మొదటి ముక్క ఆ ఫలానాదాని నుంచి దీన్ని విడదీస్తుంది: ఎక్కడుంటుంది, ఎంత పెద్దది, నమ్మదగిందేనా అని. బంధుత్వం చెప్పడం ఈ పేర్ల పని కాదు. బంధుత్వం ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేకపోవచ్చు. పేరు పెట్టినవాళ్లకు కావలసింది మళ్లీ కనబడితే గుర్తుపట్టడం.

నేలవేములో వేము అంటే వేపే. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నప్పటి వేము. వేప పెద్ద చెట్టుగా పెరుగుతుంది. నేలవేము ఏడాది బతికే చిన్న మొక్క, బాగా పెరిగితే మీటరు. కొంచెం నీడ, కొంచెం తేమ ఉన్నచోట్ల వస్తుంది. నలుపలకల కాండం, కోసుగా ఉండే ఆకులు, తెల్లటి చిన్న పువ్వులో ఊదా మచ్చలు. వేపతో దీనికి రూపంలో ఏ పోలికా లేదు, వృక్షశాస్త్రం ప్రకారం కుటుంబాలూ వేరు. ఆకు నోట్లో వేసుకుంటే మాత్రం పేరు ఎందుకొచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ చేదు వేపకు ఒక మెట్టు పైనే ఉంటుంది. జ్వరాలకు, కాలేయం జబ్బులకు దీన్ని కషాయంగా వాడుతూ వచ్చారు. సంస్కృతంలో దీన్ని భూనింబ అన్నారు, అక్కడా ఇదే లెక్క. కాబట్టి ‘వేపలో ఒక రకం’ అని రాయకండి, ‘వేపలా చేదుగా ఉండే చిన్న మొక్క’ అనండి.

నేల ఉసిరి దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. వానలు పడగానే చేలగట్ల మీద, దారుల పక్కన జానెడు, మూరెడు ఎత్తున లేచే ఈ మొక్క నిజంగానే ఉసిరికి చుట్టం. రెండూ ఫిలాంథస్ అనే ఒకే ప్రజాతిలోవి. ఉసిరి కొమ్మను, ఈ మొక్క రెమ్మను పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి. సన్నటి పుల్లకు రెండు వైపులా చిన్నచిన్న ఆకులు వరుసగా ఉండి, మొత్తం ఒకే పెద్ద ఆకులా కనిపించే ఆ తీరు రెండింటిలోనూ ఒకటే. నేల ఉసిరి రెమ్మను వెనక్కి తిప్పితే ఆకుల కింద ఆవగింజను మించని పచ్చటి కాయలు బారుగా వేలాడుతుంటాయి. కామెర్లకు దీన్ని వాడటం ఊళ్లలో చాలామందికి తెలుసు. ఇక్కడ చెల్లెలు అన్నా అభ్యంతరం లేదు. ఏటిపుచ్చ కూడా ఇలాంటిదే. ఏటి ఒడ్డు ఇసుకల్లో పాకే తీగ, చారల కాయ, నోట పెట్టలేనంత చేదు, కడుపు కడిగేసే విరేచనం మందు. అయినా పుచ్చకాయకు సొంత ప్రజాతి బంధువే.

‘నేల’ అన్న మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదని గమనించండి. నేలవేము, నేల ఉసిరిలో అది పొట్టిదనం. నేలములకలో పాకుడు. ఎండిన బీళ్లలో చాపలా పరుచుకుని, ఆకు పైనా కిందా ముళ్లు, ఊదారంగు పూలు, పండితే పసుపుపచ్చని గుండ్రటి కాయలు. వాకుడు, నేలవాకుడు అన్నా ఇదే. దగ్గుకు, ఉబ్బసానికి వాడే ఈ మొక్క ఆయుర్వేదం చెప్పే దశమూలాల్లో ఒకటి. నేలగుమ్మడిలో ‘నేల’ అంటే నేల లోపల అని. పైన చూస్తే అడవి చెట్లకు అల్లుకున్న తీగే, గుమ్మడిలాంటిది కింద మట్టిలో ఉండే పెద్ద దుంప. సంస్కృతంలో విదారీకందం. చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక తీగనూ, గుమ్మడితో సంబంధం లేని ఇంకో తీగనూ కూడా ఈ పేరుతోనే పిలుస్తారు కాబట్టి, మీ పుస్తకంలో ఈ పేరు కింద పువ్వు వర్ణన తప్పకుండా ఇవ్వండి.

నాకు ముచ్చటేసే పేరు నేలతాడి. అడవిలో చెట్ల నీడన గడ్డిలా కనిపిస్తుంది, తొక్కుకుంటూ పోతాం. వంగి చూస్తే మడతలు మడతలుగా నిలువుగీతలున్న ఆకులు, అప్పుడే మొలిచిన తాటిమొలకను పోలినవి. వాటి మొదట్లో, దాదాపు మట్టిని ఆనుకుని, ఆరు రేకుల పసుపుపచ్చని పువ్వు. కింద నల్లటి దుంప నిలువునా దిగి ఉంటుంది, బలానికి వాడే మందుల్లో అదే వేస్తారు. ఎప్పటికీ తాడి కాలేని మొక్కను తాటిమొలక దశలో పట్టుకుని పేరు పెట్టారంటే ఆ చూపు చిన్నది కాదు.

‘కొండ’ చాలావరకు చోటే చెబుతుంది. కొండగోగు ఎండు కొండల మీద, బండల సందుల్లో పెరిగే చెట్టు. వేసవికి ముందే ఆకంతా రాల్చి, మోడుబారిన కొమ్మల చివర అరచేతి వెడల్పు పసుపు పూలు పూస్తుంది. పువ్వు ఆకారం గోగుపువ్వును గుర్తు చేస్తుంది, దగ్గరి చుట్టరికం మాత్రం లేదు. దీని జిగురు సేకరిస్తారు, కాయ పగిలితే వచ్చే పట్టులాంటి దూదిని దిండ్లలో కూరుతారు. అయితే కొండపిండి విషయంలో జాగ్రత్త. ఈ మొక్క కొండలకే పరిమితం కాదు, పొలాల్లో, రోడ్ల పక్కన ఎక్కడైనా ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్లకు దీన్ని వాడతారు కాబట్టి ‘కొండనైనా పిండి చేసేది’ అని అర్థం చెబుతారు. వినడానికి బాగుంది. కానీ దీనికే పిండికూర అన్న పేరు కూడా ఉంది, ఆకుల మీదా పూల మీదా తెల్లటి నూగు పిండి చల్లినట్టే ఉంటుంది. పిండి రూపం చూసి పెట్టిన పేరై, రాళ్లను కరిగించే కథ తర్వాత అతికి ఉంటుందని నా అనుమానం.

నీరు, ఏరు వచ్చిన పేర్లు నమ్మకమైనవి. నీరుగొబ్బి నీటిగుంటల్లో, చిత్తడి గట్ల మీద తప్ప కనబడదు. కణుపుకు ఆరు ముళ్లు, మధ్యలో నీలి ఊదా పూలు. గింజ తడిస్తే జిగటగా మారుతుంది. ఏరుమద్ది వాగుల ఒడ్డున పెరిగే మద్ది, తెల్లమద్ది అన్నా అదే, వినాయక చవితి పత్రిలో అర్జునపత్రం అదే. బెరడు తెలుపు తిరిగి నున్నగా ఉంటుంది. నల్లమద్ది వాగును వదిలి మెట్ట అడవుల్లోకి వెళ్తుంది. దాని బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. ఎండలు ముదిరే కాలానికి ఇది కాండంలో నీరు దాచుకుంటుంది. 2024 మార్చిలో పాపికొండల జాతీయవనంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది బెరడును కోస్తే నీళ్లు పంపు విప్పినట్టు కొట్టిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ సంగతి వాళ్లకు చెప్పింది అక్కడి కొండరెడ్డి గిరిజనులే. రంగును బట్టి రెండు మద్దులను విడగొట్టిన పేర్లు దాహంతో ఉన్నవాడికి ఎంత పనికొస్తాయో చూడండి.

ఇప్పుడు జంతువులు. ఏనుగంటే పెద్దది, అంతే. పల్లేరు నేలబారున పాకే తీగ, దాని కాయ ముళ్లు చెప్పుల్లేని కాళ్లకు బాగా తెలుసు. ఏనుగుపల్లేరు ఇసుక నేలల్లో, ముఖ్యంగా సముద్రతీరం వైపు, కొంచెం లేచి దుబ్బుగా పెరుగుతుంది. కాయ పెద్దది, నాలుగు మూలలా ముళ్లు. రెండూ పసుపు పూలే పూస్తాయి, రెండింటినీ మూత్ర సంబంధమైన బాధలకే వాడతారు, గోక్షురం పేరుతో రెండూ అమ్ముడవుతాయి. ఇంత పోలిక ఉన్నా ఇవి ఒక కుటుంబం కావు. ఏనుగుపల్లేరు నువ్వులకు బంధువు. తేడా తేల్చుకోవాలంటే ఒక పని చేయండి. ఏనుగుపల్లేరు పచ్చి కొమ్మను గ్లాసు నీళ్లలో ముంచి కాసేపు తిప్పండి. రంగు మారకుండానే నీళ్లు చిక్కబడి, కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతాయి. పల్లేరుతో అలా జరగదు. పిల్లలకు ఈ ప్రయోగం చూపించారంటే పేరు జన్మలో మర్చిపోరు.

పిల్లి చిన్నదనానికి, సన్నదనానికి వచ్చిందని నా అభిప్రాయం. పిల్లిపెసర పెసర కంటే అన్నిటా చిన్నది, పశువుల మేతకూ పచ్చిరొట్టకూ చల్లుతారు. శతావరికి మన పేరు పిల్లిపీచర, పిల్లితేగలు అని కూడా అంటారు. ఆ ముళ్లతీగ మొదలు తవ్వితే సన్నటి తేగల్లాంటి వేళ్లు గుత్తులుగా వస్తాయి. బాలింతలకు పాలు పడటానికి ఇచ్చేది వాటినే.

కుక్క మీదే మనవాళ్లు దయ చూపలేదు. కుక్క అని ముందు పెడితే ‘అసలుది కాదు, దాన్నిబట్టి మోసపోకు’ అని. పుట్టగొడుగు తింటాం, కుక్కగొడుగు తినం. తెల్ల పూల వామింటను కూరగా వండుకుంటారు. ఒళ్లంతా జిగటగా, పసుపు పూలతో, ఘాటు వాసనతో ఉండేది కుక్కవామింట. కుక్కతులసి పూజకు పెట్టని తులసి. అయినా దోమలను తోలడానికి దాని పొగ పెడతారు కాబట్టి పనికిరానిది అనడానికి లేదు. ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. తమిళంలో వామింట వేళై అయితే కుక్కవామింట నాయ్‌వేళై, కుక్కతులసి నాయ్‌తుళసి. కన్నడంవాళ్లూ నాయి తులసి అనే అంటారు.

ఇంకో ముక్క మీరు అడగలేదు గానీ మీ జాబితాలో తప్పక ఎదురవుతుంది: సీమ. సీమచింత, సీమతంగేడు, సీమతుమ్మ వంటి పేర్లలో సీమ అంటే రాయలసీమ అనుకునేవాళ్లను చూశాను. పరాయి దేశం నుంచి వచ్చినది అని దాని అర్థం. సీమచింత పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా వైపు. వంకర తిరిగిన కాయ చింతను గుర్తు చేసింది కాబట్టి చింత అయింది.

ఇక ‘అడవి’. ఈ మాట మూడు పనులు చేస్తుంది. నిజంగా అడవిలో ఉంటుందని చెబుతుంది, ఎవరూ వేయకుండా మొలిచిందని చెబుతుంది, కొన్నిచోట్ల కుక్క చేసే పనే చేస్తుంది. అడవిఆముదం (జట్రోఫా) అమెరికా నుంచి వచ్చి కంచెలకు నాటుకున్న మొక్క, అడవితో దీనికి పనే లేదు. గింజలు చూసి వేరుశనగలా ఉన్నాయని పిల్లలు తిని వాంతులతో ఆసుపత్రి పాలైన వార్తలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అడవినాభి ఇంకా ప్రమాదం. వానాకాలంలో పొదల మీదికి పాకి, ఆకు కొసనే నులితీగగా మార్చుకుని పట్టు దొరికించుకుంటుంది. పువ్వు మొదట పచ్చగా, తర్వాత పసుపు, ఎరుపుగా మారుతూ మంటలా పైకి తిరిగి ఉంటుంది. నాభి అంటే ఇక్కడ బొడ్డు కాదు, వత్సనాభి అనే హిమాలయాల విషపు దుంప. దానంత విషం మన అడవిలోనూ ఉందని చెప్పే పేరు ఇది. ‘అడవి’ అని మనంతట మనం తగిలించే ముందు, ఆ పేరు ఇప్పటికే ఎవరిదో కనుక్కోవాలనడం ఇందుకే.

పైగా చాలా వన్యజాతులకు సొంత పేర్లు ఉండనే ఉన్నాయి. ఎవరూ చల్లకుండా చెరువుల్లో మొలిచే వరిని ‘అడవివరి’ అనక్కర్లేదు, నివ్వరి అని చక్కటి మాట ఉంది. మంత్రపుష్పంలో వినిపించే నీవారం అదే. పొడుగాటి ముల్లు, పండీ పండగానే రాలిపోయే గింజ దాని గుర్తులు. పొదల మీద పాకే మెత్తటి ముళ్ల కాకరను తెలంగాణలో బోడకాకర అంటారు, కోస్తాలో ఆగాకర. అలాంటిచోట ప్రాంతం పేరుతో సహా రెండూ ఇవ్వండి, ఒకటి సరైనదనీ ఇంకొకటి యాస అనీ తీర్పు చెప్పకండి.

రాత విషయం సులువు. నేలవేము, కొండగోగు, ఏనుగుపల్లేరు ఒక్కొక్కటి ఒక్క పేరు, కలిపే రాయాలి. విడదీస్తే ‘కొండ మీది గోగు’ అన్న అర్థం వచ్చి కూర్చుంటుంది. రెండో ముక్క అచ్చుతో మొదలైతే కొంచెం ఇబ్బంది. పాత పద్ధతిలో యడాగమం చేసి, అంటే మధ్యలో ‘య’ చేర్చి, నేలయుసిరి అంటారు, జనం నోట నేలుసిరి. పిల్లల పుస్తకానికి నేల ఉసిరి అని విడిగా రాసినా తప్పు పట్టను. ఏరు, నీరు ముందుంటే ఏటి, నీటి అని మారడం వ్యాకరణం. అయినా ఏరుమద్ది, నీరుగొబ్బి అలాగే స్థిరపడ్డాయి, వాటిని దిద్దొద్దు.

పిచ్చిమొక్క, కలుపుమొక్క, అడవిమొక్క ఒకటి కావు. కలుపు రైతు మాట: వేసిన పంటలో వేయనిది ఏదైనా కలుపే. వరిలో మొలిస్తే నువ్వు మొక్కయినా కలుపే. అడవిమొక్క చోటును చెబుతుంది. పిచ్చిమొక్క అన్నది నిజానికి చూసినవాడి అజ్ఞానానికి పేరు. పేరు తెలియనివన్నీ పిచ్చిమొక్కలే. పేరుకు ముందు పిచ్చి చేరితే మాత్రం మళ్లీ కుక్క లెక్కే. పిచ్చికుసుమను చూడండి, బ్రహ్మదండి అని ఇంకో పేరు. కుసుమలాంటి ముళ్ల ఆకు, పసుపు పువ్వు, తుంచితే పసుపుపచ్చని పాలు, గింజలు అచ్చం ఆవాల్లా. ఆ గింజల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో ఒళ్లు వాచే జబ్బు ప్రబలి ప్రాణాలు పోయాయి.

చివరగా ఒక పేరు గురించి హెచ్చరిక. మీ పిల్లల్లో ఎవరో ఒకరు మెట్టతామర అని రాసుకొస్తారు. పెద్ద ఆకులతో తోటల్లో పెంచే, ఎర్రగానో పసుపుపచ్చగానో పూసే మొక్కను అలా అంటారు, అక్కడ తామర అంటే కలువలకు తోడుండే తామరే. సీమఅవిసె అనే ఇంకో మొక్కకూ ఇదే పేరు ఉంది. కొవ్వొత్తుల్లా నిలబడే పసుపు పూగుత్తులు దాని గుర్తు. దాని ఆకు నూరి తామర అనే చర్మవ్యాధికి పూస్తారు కాబట్టి ఆ పేరు. ఎవరు ఏది చూసి రాశారో ఆకు తెచ్చి చూపించమనండి. చూడకుండా మాత్రం అచ్చుకు ఇవ్వకండి.